కొండమీది విడిదిల్లు

సికింద్రాబాద్‌ స్టేషన్‌ మైకులో రోజూ వినిపించే పేరే. హౌరా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌కి పెట్టిన పేరే. ఎంఎంటీఎస్‌ రైళ్ల బోర్డుల మీద కనిపించే పేరే. ఫలక్‌నుమా! ఆ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ఆ పేరున్న ఇంట్లో అడుగుపెట్టినవాళ్లు అంతకన్నా తక్కువ.

చార్మినార్‌ నుంచి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే వస్తుందా ఇల్లు. కింద రోడ్డు మీద ఆటోలు, మెకానిక్‌ షెడ్లు, చాయ్‌ హోటళ్లు, కేకలు. తలెత్తితే కొండమీద తెల్లటి భవనం. ఫలక్‌ అంటే ఆకాశం. ఆకాశానికి అద్దం పట్టే ఇల్లని పేరుకి అర్థం చెబుతారు. హైదరాబాద్‌కి రెండు వేల అడుగుల ఎత్తున ఉందని కూడా కొందరు రాసేస్తుంటారు. అదే నిజమైతే ఆ ఇంటికి బగ్గీలో కాదు, రోప్‌వేలో వెళ్లాలి. ఆ లెక్క వేయాల్సింది సముద్రమట్టం నుంచి. హైదరాబాదే 1,700 అడుగులకు పైన ఉంది మరి.

ఇప్పుడది తాజ్‌ వారి హోటల్‌. 2010 నవంబరులో తలుపులు తెరిచింది. అరవై గదులు. గది అద్దె ఒక్క రాత్రికి చాలామంది నెల జీతం. అయినా జనం వెళ్తూనే ఉన్నారు. పాతికేళ్ల పెళ్లిరోజనో, అమెరికా నుంచి పిల్లలొచ్చారనో, జీవితంలో ఒక్కసారైనా చూడాలనో. గేటు దగ్గర కారు దిగితే గుర్రపు బగ్గీ సిద్ధంగా ఉంటుంది. డెక్కల చప్పుడుతో అది మెల్లగా కొండెక్కుతుంది. మెట్ల దగ్గరికి చేరగానే పైనుంచి గులాబీ రేకులు జలజలా రాలతాయి. ఎప్పుడూ ఎవరి పెళ్లికో పూలు చల్లడమే తప్ప తన మీద చల్లించుకోని అత్తగారు ఒక్క క్షణం పమిట సర్దుకుంటుంది. కోడలు ఫోన్‌ తీస్తుంది. డబ్బులకి న్యాయం జరిగిందని కొడుకు లోలోపల అనుకుంటాడు.

నిజం చెప్పాలంటే ఆ పూలవాన నాటకమే. ఖరీదైన నాటకం. అసలు విశేషం లోపల ఉంది. పూలరేకులు చూసి పొంగిపోయి దాన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. ఈ ఇల్లు పుట్టిన దగ్గర్నుంచీ బతికింది అతిథుల కోసమే. కట్టినాయన్ని దివాలా అంచుకి తెచ్చింది ఆ మర్యాదలే. వందేళ్ల తర్వాత కూలిపోకుండా నిలబెట్టిందీ ఆ మర్యాదలే.

వికారాబాద్‌ నవాబు

అనంతగిరి కొండలకి వెళ్లినవాళ్లందరికీ వికారాబాద్‌ తెలుసు. ఆ ఊరికి పేరిచ్చినాయనే ఈ ఇంటికి యజమాని. నవాబ్‌ వికార్‌-ఉల్‌-ఉమ్రా. పైగా వంశస్థుడు. హైదరాబాద్‌ రాజ్యంలో నిజాం తర్వాత నిజాం అంతటివాళ్లు పైగాలు. వాళ్లకి సొంత జాగీర్లు, సొంత సైన్యం. నిజాం ఆడపడుచుల్ని చేసుకునే వియ్యం కూడా వాళ్లదే. వికార్‌-ఉల్‌-ఉమ్రా ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌కి స్వయానా అక్కాచెల్లెళ్ల వరసలో బావ. 1890ల్లో రాజ్యానికి దివాన్‌గానూ పనిచేశారు.

1884 మార్చి 3న ఇంటికి పునాదిరాయి వేశారు. పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మధ్యలో ఆగలేక 1890 చివర్లోనే గోల్‌బంగ్లాలోకి, జనానాలోకి కాపురం మార్చేశారు. ముందుభాగంలోని మర్దానా పనులు ఓ పక్క సాగుతూనే ఉన్నాయి. గృహప్రవేశం అయిపోయినా పై అంతస్తులో టైల్స్‌ పని మిగిలే ఉండటం, మేస్త్రీ రేపొస్తానని చెప్పి రాకపోవడం... ఇవేమీ నవాబులకి మినహాయింపు కాదన్నమాట!

ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. బర్మింగ్‌హామ్‌ ఆస్లర్‌ కంపెనీ నుంచి షాండ్లియర్లు వచ్చాయి. లండన్‌ బరోస్‌ అండ్‌ వాట్స్‌ వాళ్ల బిలియర్డ్స్‌ బల్ల వచ్చింది. దానికి జత బల్ల బకింగ్‌హామ్‌ ప్యాలెస్‌లో ఉందని చెబుతారు. గ్రంథాలయం పైకప్పుకి చెక్కిన వాల్‌నట్‌ కలప వేయించారు. ఇంగ్లండ్‌లోని విండ్సర్‌ కోటలో ఉన్నది చూసి చేయించిన నకలు అది. ఇళ్లలో ఇంకా కిరోసిన్‌ దీపాలు వెలుగుతున్న రోజుల్లో కరెంటు తీగలు వేయించి, దేశంలోనే పెద్దవాటిలో ఒకటనే స్విచ్‌బోర్డు పెట్టించారు. పైనుంచి చూస్తే భవనం తేలు ఆకారంలో, రెండు కొండీలు చాపినట్టు ఉంటుందంటారు. కుర్చీలు, గోడలు, పైకప్పులు... ఎక్కడ పడితే అక్కడ ‘వి’, ‘ఓ’ అనే రెండు ఇంగ్లిష్‌ అక్షరాలు కలిపి చెక్కించారు. ఆయన పేరులోని పొడి అక్షరాలవి. స్టీలు గ్లాసు మీద పేరు కొట్టించుకునే మన అలవాటుకి రాజావారి రూపం!

ఖర్చు నలభై లక్షలని చెబుతారు. ఆ రోజుల రూపాయల్లో! జాగీర్ల ఆదాయం సరిపోలేదు. అప్పులయ్యాయి. ఇల్లు కట్టి చూడు అన్న మాట వికార్‌-ఉల్‌-ఉమ్రాకి అనుభవంలోకి వచ్చేసరికి ఇల్లు పూర్తయిపోయింది.

అప్పుడొచ్చాడు అసలు అతిథి. ఆరో నిజాం! ఇంటిని చూసి ముచ్చటపడ్డాడు. కొన్నాళ్లు ఉన్నాడు. వెళ్లే సూచనలు కనిపించలేదు. ప్రభువుకి నచ్చిందంటే ఇక అది ప్రభువుదే... దర్బారు మర్యాద అది. ‘ఈ ఇల్లు హుజూర్‌ వారిదే’ అని నవాబు నజరానాగా సమర్పించేశాడని ఒక కథ. అప్పుల నుంచి బయటపడటానికి ఇదొక్కటే దారి, నిజాంకి కానుకగా ఇచ్చేయండని బేగంగారే సలహా చెప్పారని ఇంకో కథ. రెండో కథే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది. ఎందుకంటే నిజాం ఊరికే తీసుకోలేదు, ఖర్చంతా తిరిగి ఇచ్చేశాడని చెబుతారు. మొత్తానికి 1897, 98 ప్రాంతంలో ఇల్లు చేతులు మారింది. తొమ్మిదేళ్లు కట్టించుకున్న ఇంట్లో ఆ కుటుంబం నిండుగా ఉన్నది పట్టుమని పదేళ్లు కూడా లేదు. కుర్చీల మీద అక్షరాలు మాత్రం ఎవరూ చెరపలేదు. ఇవాళ హోటల్‌కి వచ్చినవాళ్లు ‘వి, ఓ అంటే ఏంటండీ’ అని అడుగుతూనే ఉంటారు.

నవాబు మాత్రం ఊరుకోలేదు. బేగంపేటలో మరో దేవిడీ కట్టించారు. ఆ ఇంటి సంగతి చాలా తెలుగు కుటుంబాలకి వేరే రకంగా తెలుసు. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్‌ ఉన్న పైగా ప్యాలెస్‌ అదే. ఫైలు గుండెలకి హత్తుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుంటూ వీసా కోసం లైన్లో నిల్చున్న పిల్లలంతా ఒక రకంగా వికార్‌-ఉల్‌-ఉమ్రా ఇంటి గుమ్మంలో నిల్చున్నవాళ్లే.

తాళం పడింది

మహబూబ్‌ అలీఖాన్‌ అంటే పాతబస్తీకి మహబూబ్‌ పాషా. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే చాలు, విషం దిగిపోతుందని జనం నమ్మిన ప్రభువు. ఫలక్‌నుమాని ఆయన రాజ అతిథుల విడిదిగా మార్చాడు. 1906లో బ్రిటిష్‌ యువరాజు, యువరాణి వచ్చారు. తర్వాత ఐదో జార్జి, క్వీన్‌ మేరీ అయింది వాళ్లే. 1922లో వాళ్లబ్బాయి ఎడ్వర్డ్‌ వచ్చాడు. ప్రేమ కోసం కిరీటం వదులుకున్న ఎనిమిదో ఎడ్వర్డ్‌ ఆయనే. మహబూబ్‌ పాషా కన్నుమూసిందీ ఈ ఇంట్లోనే, 1911లో.

కొడుకు ఏడో నిజాం ఉస్మాన్‌ అలీఖాన్‌ తీరు వేరు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు. ఉండేది కింగ్‌కోఠిలో. కట్టేది సాదా బట్టలు. తండ్రి ముచ్చటపడిన కొండమీది ఇల్లు ఆయనకి కాపురానికి అక్కర్లేకపోయింది. పెద్ద అతిథులొస్తే తాళం తీసేవారు. వెళ్లగానే వేసేసేవారు. 1948లో రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌ విడిది చేశారు. చెప్పుకోదగ్గ ఆఖరి అతిథి ఆయనే. తర్వాత ఇంటికి పడిన తాళం దాదాపు అర్ధ శతాబ్దం సరిగ్గా తెరుచుకోలేదు.

ఎంత పెద్ద ఇల్లయినా మనుషులు మసలకపోతే పాడైపోవడానికి ఎక్కువకాలం పట్టదు. ఊళ్లో తాతగారి పెంకుటింటికి తాళం వేసి హైదరాబాద్‌ వచ్చేసినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ముందు చూరు కారుతుంది. తర్వాత దూలానికి చెద పడుతుంది. ఆ తర్వాత గోడ పగుల్లో రావిమొక్క మొలుస్తుంది. డంగు సున్నంతో కట్టిన గోడలకి ఇంకో గండం కూడా ఉంది... మరమ్మతు పేరుతో సిమెంటు పూయడం! సున్నపు గోడ చెమ్మని పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే ఉండిపోయి గోడని తినేస్తుంది. పెంకుటింటికైనా ప్యాలెస్‌కైనా ఇదే సూత్రం.

1967లో ఉస్మాన్‌ అలీఖాన్‌ పోయాక ఆస్తులు మనవడు ముకర్రమ్‌ జాకి వచ్చాయి. ఆస్తులతో పాటే వేలాది సిబ్బంది, ఆశ్రితులు, వారసుల వ్యాజ్యాలు, పన్నులు. 1971లో ప్రభుత్వం రాజభరణాలు రద్దు చేసింది. ముకర్రమ్‌ జా ఎక్కడో ఆస్ట్రేలియాలో గొర్రెలమేత భూములు కొనుక్కుని వెళ్లిపోయారు. ఆ తర్వాత టర్కీలో స్థిరపడ్డారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే, హైదరాబాద్‌ తీసుకొచ్చి మక్కా మసీదులో పూర్వీకుల సరసన ఖననం చేశారు. కొండమీద, చౌమహల్లాలో, పురానీ హవేలీలో దశాబ్దాల పాటు దుమ్ము పేరుకుపోయింది.

దుమ్ము దులిపింది ముకర్రమ్‌ జా మొదటి భార్య, టర్కీలో పుట్టిన ఎస్రా. అప్పటికి ఆయనతో విడాకులై చాలా ఏళ్లయింది. అయినా వచ్చి, చౌమహల్లాని ప్రజలు చూసే మ్యూజియంగా, ఫలక్‌నుమాని హోటల్‌గా మార్చే పనులు దగ్గరుండి చూసుకున్నారు. వదిలి వెళ్లిపోయిన కోడలే అత్తింటి పరువు నిలబెట్టిందని పాతబస్తీ పెద్దలు అనుకుంటే అందులో తప్పేముంది? తాజ్‌ సంస్థ ఫలక్‌నుమాని లీజుకి తీసుకుంది. మరమ్మతులకి పట్టింది పదేళ్లు. అంటే కట్టడానికి పట్టినదానికంటే ఒక ఏడాది ఎక్కువ!

నూట ఒక్క కుర్చీలు

హోటల్‌లో బస చేసినవాళ్లకి సాయంత్రం ఇల్లంతా తిప్పి చూపించే ఏర్పాటు ఉంది. ఈత కొలనులోనో, మసాజుల్లోనో పడి దాన్ని వదిలేసుకోవడం కన్నా తెలివితక్కువ పని ఉండదు. ఈత కొలను ఏ రిసార్టులోనైనా ఉంటుంది.

ఆ నడకలో పాలరాతి మెట్ల దగ్గర కాసేపు ఆగాలి. గోడల పొడవునా బొమ్మలు. గ్రంథాలయంలో వేలాది పుస్తకాలు. నాట్యశాలలో రెండు టన్నుల బరువుండే ఆర్గన్‌ వాద్యం. అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టేది భోజనశాల. ఒకే బల్ల. నూట ఎనిమిది అడుగుల పొడవు. చుట్టూ నూట ఒక్క కుర్చీలు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపించేలా గదిని కట్టారని చెబుతారు. ఉమ్మడి కుటుంబంలో అలాంటి బల్ల ఉంటే ఎన్ని గొడవలయ్యేవో! 2017 నవంబరు 28న ప్రధాని నరేంద్ర మోదీ, అప్పటి అమెరికా అధ్యక్షుడి కుమార్తె ఇవాంకా ట్రంప్‌కి విందు ఇచ్చింది ఈ బల్ల మీదే.

ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. ఇలాంటి చోట ఉండటమంటే మ్యూజియంలో మంచం వేసుకున్నట్టే. కుర్చీలో కూర్చోవాలో, దూరం నుంచి చూడాలో తెలీదు. చిన్నపిల్లలుంటే తల్లికి ప్రాణం ప్రాణంలో ఉండదు. గ్లాసు పట్టుకున్నా భయమే, పరిగెత్తినా భయమే. బట్లర్‌ వచ్చి ‘ఇంకేమైనా కావాలా అండీ’ అన్నప్పుడల్లా, మనమే లేచి మన కాఫీ కలుపుకుంటే బాగుండేదనిపిస్తుంది. జీవితమంతా పదిమందికి వండి వడ్డించిన పెద్దావిడకైతే ఆ కుర్చీ ముళ్లమీద కూర్చున్నట్టే. చీపురు పట్టేవాళ్లెంతమంది, ఆ షాండ్లియర్‌ మీద బూజు ఎలా దులుపుతారు... ఆవిడ బుర్రలో తిరిగే ప్రశ్నలు ఇవి. నిజానికి ఈ హోటల్‌ మొత్తంలో అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే. ఎందుకంటే గది అద్దెలో పెద్ద వాటా ఆ బూజు దులపడానికే పోతుంది. వందల దీపాలున్న గాజు షాండ్లియర్‌ని ఒక్కో ముక్కా విప్పి, తుడిచి, మళ్లీ అదే వరసలో తగిలించాలి. చెక్కడపు పనికి చెద రాకుండా చూడాలి. పాతకాలపు తివాచీ కొస ఊడితే దాన్ని నేసేవాణ్ని వెతికి పట్టుకోవాలి. నవాబు రోజుల్లో ఈ ఖర్చు జాగీరు రైతులు కట్టిన శిస్తు నుంచి వచ్చేది. ఇప్పుడు ఇష్టపడి వచ్చినవాళ్ల క్రెడిట్‌ కార్డుల నుంచి వస్తోంది. రెండిటిలో ఏది నయమో వేరే చెప్పాలా!

రాత్రి భోజనానికి హైదరాబాదీ వంటలుంటాయి. పత్తర్‌కా గోష్త్‌, దమ్‌ బిర్యానీ, ఖుబానీ కా మీఠా. బాగుంటాయి. కానీ ఖుబానీ కా మీఠా కొండ దిగితే పాతబస్తీలో ఏ పెళ్లి విందులోనైనా దొరుకుతుంది, పైగా మారువడ్డనతో. డాబా మీదనుంచి కనిపించే ఊరు మాత్రం ఇంకెక్కడా దొరకదు. చీకటి పడే వేళకి కింద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. నమాజు పిలుపులు ఒక మసీదు తర్వాత ఒకటిగా గాలిలో కలుస్తాయి. హైదరాబాద్‌ ఎంత పెరిగిపోయిందో హైటెక్‌ సిటీలో కన్నా ఇక్కడ నిలబడితేనే బాగా తెలుస్తుంది.

అన్ని ఇళ్లకీ ఈ అదృష్టం లేదు

రాజుల ఇళ్లని హోటళ్లుగా మార్చడం రాజస్థాన్‌లో చాలా ముందే మొదలైంది. జైపూర్‌ మహారాజు రాంబాగ్‌ ప్యాలెస్‌ని 1957లోనే హోటల్‌ చేశారు. ఉదయ్‌పూర్‌లో సరస్సు మధ్యనున్న లేక్‌ ప్యాలెస్‌ 1963లో అదే బాట పట్టింది. జోధ్‌పూర్‌ ఉమైద్‌ భవన్‌లో ఓ భాగం హోటల్‌, ఓ భాగం మ్యూజియం, మిగతాది రాజకుటుంబం ఉండే ఇల్లు. అక్కడ అతిథికి ఇంటివాళ్లు ఉన్నారన్న భావన ఉంటుంది. ఫలక్‌నుమాలో ఆ ఒక్కటే లోటు. ఇంటివాళ్లు లేని ఇంట్లో చుట్టంగా ఉండటం కొంచెం వింతగానే ఉంటుంది.

మన సంస్థానాల కోటలది ఇంకో దారి. అవి ఎక్కువగా చదువులకి వెళ్లిపోయాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్‌ పెట్టారు. విజయనగరం కోటలో కాలేజీలు నడిచాయి. హోటల్‌ కన్నా అది గొప్ప పని అని వాదించేవాళ్లున్నారు. వాదన న్యాయమైనదే. రాజు దర్బారు చేసిన హాల్లో రైతుబిడ్డ డ్రాయింగ్‌ బోర్డు పెట్టుకుని కూర్చోవడం ఎంత బాగుంటుంది! కాకపోతే కాలేజీకి వచ్చే నిధుల్లో పైకప్పు బొమ్మలకి రంగులద్దించే పద్దు ఉండదు.

కొన్నిటికి ఏ దారీ దొరకలేదు. బషీర్‌బాగ్‌ అన్న పేరు ఓ పైగా ప్యాలెస్‌ది. ప్యాలెస్‌ని కూల్చేశారు, బస్టాపు పేరు మిగిలింది. ఎర్రమంజిల్‌ని కూల్చి శాసనసభ కడతామని 2019లో ప్రభుత్వం తలపెడితే, హైకోర్టు కొట్టేయబట్టి నిలిచింది.

అసలు హోటల్‌ చేస్తే చాలు, ఇల్లు బతికేస్తుందనుకోవడం కూడా పొరపాటే. దానికి సాక్ష్యం హైదరాబాద్‌లోనే ఉంది. నౌబత్‌పహాడ్‌ మీద, బిర్లామందిర్‌కి దగ్గర్లో హిల్‌ఫోర్ట్‌ ప్యాలెస్‌. న్యాయమూర్తిగా పనిచేసిన సర్‌ నిజామత్‌ జంగ్‌ 1915లో కట్టించుకున్న ఇల్లు. తర్వాత నిజాం కొన్నారు. 1950ల్లో అది రిట్జ్‌ హోటల్‌ అయింది. ఒకప్పుడు నగరంలో పేరున్న హోటల్‌. పాతతరం హైదరాబాదీలు ఇప్పటికీ తలుచుకుంటారు. 1990ల చివర్లో మూతపడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి కిటికీలు ఊడి, పిచ్చిమొక్కలు మొలిచి, దాన్ని కాపాడండని హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. అదే నగరం. అదీ కొండమీదే. అదీ ఇల్లుగా పుట్టి హోటల్‌ అయిందే. ఫలక్‌నుమాకి మాత్రం పదేళ్లపాటు పైసా రాబడి లేకుండా మరమ్మతులు చేయించే ఓపికున్న సంస్థ దొరికింది, కుర్చీ ఎక్కడుండాలో గుర్తుపెట్టుకుని చెప్పే మనిషి దొరికింది. రిట్జ్‌కి రెండూ దొరకలేదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. చౌమహల్లాకి ఎవరైనా టికెట్‌ కొనుక్కుని వెళ్లొచ్చు. ఫలక్‌నుమా అలా కాదు. ఆ కొండకింద పుట్టి పెరిగి, అడ్రసులో రోజూ ఆ పేరు రాసుకునేవాళ్లలో చాలామంది గేటు దాటి చూసింది లేదు. నవాబుల కాలంలో సామాన్యుడికి అక్కడ ప్రవేశం లేదు. తాళం పడిన కాలంలోనూ లేదు. ఇప్పుడు డబ్బున్న సామాన్యుడికి ఉంది. మార్పు కొంత వచ్చిందనే చెప్పాలి, చాలినంత రాలేదనీ చెప్పాలి. ఏడాదిలో కొన్ని రోజులైనా చుట్టుపక్కల బడి పిల్లల్ని పిలిచి ఆ గ్రంథాలయం, ఆ నూట ఒక్క కుర్చీల బల్ల చూపిస్తే హోటల్‌కి పోయేదేమీ లేదు. బగ్గీ కూడా అక్కర్లేదు. నడిచే వస్తారు.

రాత్రి బస భారమనుకునేవాళ్లు సాయంత్రం టీకో, భోజనానికో ముందుగా బుక్‌ చేసుకుని వెళ్లొచ్చు. అదీ చవకేం కాదు. బుకింగ్‌ లేకుండా వెళ్తే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు, ఎంత దూరం నుంచి వచ్చామని చెప్పినా లాభం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. వెళ్లదలిస్తే పొద్దు ఉండగానే చేరుకోవాలి. చీకటి పడ్డాక వెళ్తే మెట్ల పక్క బొమ్మలు, కుర్చీల వెనక ఆ రెండు అక్షరాలు సరిగ్గా కనిపించవు. సికింద్రాబాద్‌ నుంచి ఎంఎంటీఎస్‌లో వస్తే ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కొచ్చు. ప్యాలెస్‌కి అంటే ఆటోవాలా ఓసారి ఎగాదిగా చూస్తాడు. గేటు దాకే తీసుకెళ్తానని ముందే చెప్పేస్తాడు.